అబ్బా అను పిలుపు

కాలికి రాయి తగిలినను, వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నను, తెలుగువాని నోట అప్రయత్నముగా వెలువడు మాట ఒకటి కలదు. అది "అబ్బా!" అను మాట. దాని అర్థమేమని ఆ క్షణమున ఎవ్వరును ఆలోచింపరు. కాని మన భాషలో అబ్బ యనగా తండ్రి.  కృష్ణాతీరమున ఆ మాట పిలుపుగా మరుగుపడినను ఆర్తనాదముగా నిలిచియే యున్నది. నొప్పి కలిగినపుడు మనము తల్లినో తండ్రినో పిలుతుము. వారు దగ్గర నున్నారా, వచ్చి ఆ ముల్లు తీయగలరా యని విచారించి పిలువము. ముందు పిలుపు వచ్చును. విచారణ తరువాత వచ్చును.

యేసుక్రీస్తు మాటలాడిన అరమేయిక భాషలో సైతము తండ్రిని "అబ్బా" యనియే పిలుతురు. ఆ భాషకును మన భాషకును చుట్టరికమేమియు లేదు. పసినోట తొలుత పలుకు ధ్వనులు లోకమంతటను ఇంచుమించు ఒక్క తీరుననే యుండుట దీనికి కారణము కావచ్చును. ఇది కేవలము పసిపిల్లల ముద్దుపలుకని కొందరు బోధకులు చెప్పుచుందురు. అది పూర్తిగా సరి కాదు. ఎదిగిన కుమారులును కుమార్తెలును తమ తండ్రులను అట్లే పిలిచెడివారని జేమ్స్ బార్ అను పండితుడు 1988లో ఒక వ్యాసమున వివరించెను. కనుక అది బిడ్డ నేర్చుకొని, పెద్దవాడైన పిమ్మటను విడువని పిలుపు. క్రైస్తవ మతమున పసిబిడ్డ విశ్వాసముతో ప్రార్థింపవలెనని బోధించుటలోని అర్థము ఈ ఒక్క మాటలో ఇమిడి యున్నదని మాకు తోచుచున్నది.

అయితే ఆ విశ్వాసమనగా నేమి? అడిగినది తప్పక దొరకునను నమ్మకమా? అట్లయిన, అడిగినది దొరకని నాడు ఆ విశ్వాసము ఏమి కావలెను? సముద్రము మీదికి వచ్చి ఊళ్లకు ఊళ్లను తీసికొనిపోయిన బందరు, దివిసీమ ప్రాంతములలో ఇది పండితుల చర్చకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఇంటింటి ప్రశ్న. దీనిని మనము కొంత నిదానముగా పరిశీలింతము.

సువార్తలలో బిడ్డల ప్రసక్తి ముఖ్యముగా రెండు చోట్ల వచ్చును. ఒకచోట జనులు తమ పసివారిని క్రీస్తు నొద్దకు తీసికొనిరాగా శిష్యులు అదలించిరి. ఆయన కోపించి, శిష్యులనే మందలించి, బిడ్డలను ఎత్తి కౌగిలించుకొని దీవించెను. మరియొకచోట, గొప్పవాడెవడని శిష్యులు అడుగగా, ఆయన ఒక బిడ్డను పిలిచి వారి నడుమ నిలువబెట్టి, ఇట్టివారైననే కాని పరలోక రాజ్యమున ప్రవేశింపజాలరని చెప్పెను. ఇందు పిల్లలలోని ఏ గుణమును ఆయన మెచ్చుకొనెను? అమాయకత్వమని సాధారణముగా చెప్పుదురు. కాని పిల్లలున్న ఇంటివారెవ్వరును వారికి కల్లలు, కోపములు, పంతములు తెలియవని ప్రమాణము చేయలేరు. ఆ కాలపు సంఘమున బిడ్డకు పరువు లేదు, ఆస్తి లేదు, మాట చెల్లుబడి లేదు. బిడ్డ చేతులు ఖాళీ. ఇచ్చి పుచ్చుకొనుటకు బిడ్డ యొద్ద ఏమియు లేదు. పుచ్చుకొనుట ఒక్కటే దానికి తెలిసిన విద్య. ఆ ఖాళీ చేతులనే క్రీస్తు చూపెనని మేము తలంచుచున్నాము.

గుడివాడ జంక్షనులో బందరు బండి యెక్కిన ఒక తల్లిని తలచుకొనుడు. ఆమె యొడిలో రెండేండ్ల బిడ్డ నిద్రించుచున్నది. బండి ఎక్కడికి పోవుచున్నదో బిడ్డకు తెలియదు. టిక్కెట్టు కొన్నారో లేదో తెలియదు. నడుమ ఎన్ని స్టేషనులున్నవో తెలియదు. మెలకువ వచ్చినపుడు కిటికీ వైపు చూడదు. తల యెత్తి తల్లి ముఖము చూచును. ఆ ముఖము కనబడిన చాలును, మరల కన్నులు మూయును. ఆ బిడ్డ విశ్వాసము బండి మీద కాదు, దారి మీద కాదు, చేరవలసిన ఊరి మీదను కాదు. ఒక మనిషి మీద. ఈ భేదమును మనము జ్ఞాపకముంచుకొందము. పసిబిడ్డ విశ్వాసము సంగతులను గూర్చిన నిశ్చయము కాదు. వ్యక్తిని గూర్చిన నిశ్చయము.

బిడ్డ అడుగుటకు సిగ్గుపడదు. ఇది చిన్న కోరిక, ఇది పెద్ద కోరిక అని తూచదు. మంచినీళ్ళు అడుగును, చందమామను అడుగును. రెంటిని ఒకే గొంతుతో అడుగును. క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనను మన క్రైస్తవులు పరలోక ప్రార్థన యందురు. దాని అమరికలోను ఇదియే కానవచ్చును. మొదట తండ్రీ యను సంబోధన. పిమ్మట ఆయన నామము, ఆయన రాజ్యము, ఆయన చిత్తము. నడుమ ఆనాటి కూడు. పిదప అపరాధముల క్షమ, కీడు నుండి రక్షణ. లోకములను ఏలు రాజ్యమును గూర్చిన మాట ప్రక్కనే ఒక పూట తిండిని గూర్చిన మాట నిలిచియున్నది. మూలమున రొట్టె యని యుండగా తెలుగు అనువాదకులు ఈ ప్రార్థనలో ఆహారమను మాటను వాడిరి. అది ఉచితమే. వరి పండు కృష్ణా డెల్టాలో ఆనాటి కూడనగా అన్నమే గదా! అడుగునది ఏడాదికి సరిపడు గాదె కాదు, ఆ దినమునకు సరిపడు ముద్ద. రేపు మరల అడుగవలసి యుండును. అనగా రేపును ఆ తండ్రి నొద్దకు రావలసి యుండును.

క్రీస్తు చెప్పిన ఉపమానమొకటి మా తీరవాసులకు ఇంకను దగ్గరిది. బిడ్డ చేప నడిగిన యెడల ఏ తండ్రియైనను పాము నిచ్చునా యని ఆయన అడిగెను. నాగాయలంక కాలువలలోను, కృష్ణ సముద్రమున కలియు మొగల వద్దను వల లాగువారికి ఈ మాటలోని బిగువు వెంటనే తెలియును. వలలో చేపలతో పాటు నీటిపాములును పడును. చీకటిలో తడిమి చూచిన రెండును జారుచుండును. బిడ్డకు భేదము తెలియదు, తండ్రికి తెలియును. ఏరి యిచ్చుట తండ్రి పని. ఈ ఉపమానమునకు మరియొక వైపును కలదు. బిడ్డ చేప యనుకొని పామునే అడిగిన యెడల తండ్రి ఏమి చేయును? ఇయ్యడు. అపుడు బిడ్డ ఏడ్చును. ఆ ఏడుపు న్యాయమైనదే, ఇయ్యకుండుటయు న్యాయమైనదే. ప్రార్థనలో తిరస్కారమునకు ఇది ఒక సమాధానము. కాని ఒక్కటే సమాధానము కాదు. ఆ సంగతి ముందు చెప్పెదము.

ఇట్టి విచారణ మన దేశమునకు క్రొత్తది కాదు. శ్రీవైష్ణవ ఆచార్యులు భగవంతుని శరణుజొచ్చు భక్తుని గూర్చి రెండు న్యాయములను చెప్పిరి. కోతిపిల్ల తన బలముతో తల్లి పొట్టను కరచుకొని యుండును. అది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్ల కేవలము అరచును; తల్లి వచ్చి నోట కరచుకొని కొనిపోవును; అది మార్జాలకిశోర న్యాయము. క్రైస్తవ ప్రార్థనలో ఈ రెండును గలవు. తలుపు తెరచువరకు తట్టుచుండుమని చెప్పినది కోతిపిల్ల పట్టు. అడుగక మునుపే మీ అక్కరలు తండ్రికి తెలియునని చెప్పినది పిల్లిపిల్ల నిశ్చింత. ఏ దేవుని కొలుచు ఇంటిలోనైనను బిడ్డ బిడ్డయే గనుక ఉపమానములు కలియుటలో ఆశ్చర్యము లేదు.

ఈ విశ్వాసమునే జీవనాధారముగా చేసికొని బందరు రేవునకు వచ్చినవారు కొందరు కలరు. ఇంగ్లండు నందలి ఎక్సెటరు పట్టణమున ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడుండెను. ఆయన తన వృత్తిని విడిచి, జీతము నిచ్చు సంఘము లేకయే, అక్కరలను దేవునికి మాత్రమే చెప్పుకొనుచు బాగ్దాదునకు పోయెను. 1836లో ఆయన భారతదేశమునకు మరల వచ్చుచు విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు యువకులను వారి భార్యలతో కూడ వెంట తెచ్చెను. వారిలో ఒకరు రాతిపని వారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. వారు మొదట మచిలీపట్టణమున విడిసి తెలుగు నేర్చుకొని, పిమ్మట నరసాపురము ప్రాంతమునకు పోయి, శేషజీవితములను గోదావరి తీరముననే గడపిరి. గ్రోవ్స్ గారి చెల్లెలిని వివాహమాడిన జార్జి ముల్లరు గారు అదే 1836లో బ్రిస్టలు నగరమున అనాథాశ్రమమును తెరచిరి. ఆయన మనుష్యులను చందా అడుగక ప్రార్థననే ఆశ్రయించిరి. తన జీవితకాలమున పదివేల మంది అనాథలను పోషించిరి. అయితే ఆశ్రమపు లెక్కలను ఏటేట అచ్చువేసి లోకమునకు చూపుచుండిరి. బిడ్డవలె నమ్మినవారు పెద్దవలె లెక్క వ్రాసిరి. ఈ రెంటికిని విరోధము లేదు.

ముల్లరు గారి కథను ప్రార్థనకు ఫలము కలుగునను దానికి సాక్ష్యముగా పెక్కుమంది ఉపదేశకులు చెప్పుదురు. గ్రోవ్స్ గారి కథను అంతగా చెప్పరు. 1831లో బాగ్దాదు నగరమున మహామారి పుట్టినపుడు ఆయన భార్య మేరీ మరణించెను. అదే యేడు చంటిబిడ్డయు పోయెను. ఆ యింటిలో ప్రార్థన తక్కువై యుండునా? ఒకే కుటుంబమున, ఒకే విశ్వాసముతో, ఒకరి యొద్దకు రొట్టె వచ్చినది, మరియొకరి యొద్ద నుండి భార్యయు బిడ్డయు పోయిరి. గ్రోవ్స్ గారు ఆ విశ్వాసమును విడువలేదు. ఆ పోగొట్టుకొన్న చేతులతోనే అయిదేండ్ల పిమ్మట తెలుగు తీరమునకు ఆ యువకులను తోడుకొని వచ్చిరి.

1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్టు టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనువారు బందరు చేరిరి. 1843లో నోబుల్ గారు పాఠశాలను తెరచిరి. అది పెరిగి నేటి నోబుల్ కళాశాల యైనది. ఆయన ఇరువది నాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోక 1865లో బందరులోనే కన్నుమూసిరి. ఫాక్స్ గారి మార్గము వేరైనది. 1845లో ఆయన భార్య ఎలిజబెత్తు మరణించెను. బిడ్డలను ఇంగ్లండులో విడిచి ఆయన ఒంటరిగా బందరునకు మరల వచ్చిరి. ఆరోగ్యము చెడి తిరిగి పోయి, 1848లో ముప్పది యొకటవ యేట గతించిరి. 1841లో బందరులో పుట్టిన వారి కుమారుడు హెన్రీ ఇలియట్ ఫాక్స్ నాలుగేండ్లకే తల్లిని, ఏడేండ్లకే తండ్రిని పోగొట్టుకొనెను. తండ్రియను మాట పలుకుటకు ఇంట ఎవ్వరును లేని ఆ బిడ్డ, పెరిగి పెద్దవాడై, తన తల్లిదండ్రులు సేవించిన ఆ సంఘమునకే కార్యదర్శి యయ్యెను.

ఇక సముద్రమును గూర్చి చెప్పవలెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో ఉప్పెన వచ్చి మచిలీపట్టణమును ముంచెను. పట్టణమునను చుట్టుపట్ల గ్రామములలోను ముప్పదివేల మంది వరకు మరణించిరని అంచనా. క్రైస్తవ పంచాంగమున ఆ దినము సర్వ పరిశుద్ధుల పండుగ. నూటపదమూడేండ్లకు, 1977 నవంబరు 19వ తేదీ శనివారమున, దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లలో, తాటిచెట్టు నెక్కినవారు బ్రతికిరి, ఎక్కలేనివారు పోయిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు పదివేలు. మరునాడు ఆదివారము. ప్రతి ఆదివారమును గంట మ్రోగు గుడులలో ఆనాడు గంట మ్రోగించువారు లేరు. గుడులును లేవు.

ఆ నీటిలో తండ్రులు ప్రార్థించిరి, తల్లులు ప్రార్థించిరి, పసిబిడ్డలును ప్రార్థించిరి. అలల కడ్డముగా తల్లి మెడను కరచుకొన్న బిడ్డకు మించిన పసిబిడ్డ విశ్వాసము ఎక్కడ నుండును? కొందరికి చెట్టు దొరకినది, కొందరికి దొరకలేదు. దొరకినవారు విశ్వాసులనియు, దొరకనివారికి విశ్వాసము చాలలేదనియు చెప్పగల ధైర్యము ఎవ్వరికున్నది? కాని అట్లు చెప్పువారు కలరు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, నీవు ఇంకను గట్టిగా నమ్మి యుండవలసినదని చెప్పు ఉపదేశములు అన్ని కాలములలోను వినబడుచునే యున్నవి. ఆ మాట శోకముపై మరియొక శోకమును పెట్టును. పసిబిడ్డ విశ్వాసమను పేరుతో అది చెప్పబడినను, ఆ విశ్వాసమునకు అది పూర్తిగా విరుద్ధము. బిడ్డ తన నమ్మకమును కొలుచుకొని పిలువదు. చాలినంత గట్టిగా పిలిచితినా యని ఏ బిడ్డయు చింతింపదు. ఫలము పిలుపు యొక్క బలముపై ఆధారపడునన్నచో అది మంత్రమగును, ప్రార్థన కాదు.

ఇచ్చట మొదట చెప్పిన మాటకు మరల వత్తము. నాలుగు సువార్తలలో "అబ్బా" యను అరమేయిక పదము క్రీస్తు నోట ఒక్క మారే వినబడును. రోగులను బాగుచేసినపుడు కాదు. అయిదు రొట్టెలను వేలమందికి పంచినపుడు కాదు. బిడ్డలను ఎత్తి ముద్దాడినపుడును కాదు. మరణమునకు ముందటి రాత్రి, గెత్సేమనే తోటలో, మిక్కిలి వేదన పడుచు, ఈ పాత్రను నా యొద్ద నుండి తొలగింపుమని వేడుకొన్నపుడు మాత్రమే మార్కు సువార్తలో ఆ పదము కానవచ్చును. ఆ కోరిక నెరవేరలేదు. పాత్ర తొలగలేదు. తెలుగువాని నోట బాధయందు ఏ మాట వెలువడునో, ఆ తోటలో ఆ మాటయే వెలువడినది. ఆయన తన కోరికను దాచలేదు. తొలగింపుమని స్పష్టముగా అడిగెను. అడిగిన పిదప, నీ చిత్తమే కానిమ్మని అప్పగించెను. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకున్నను అది బిడ్డ ప్రార్థన కాదు. అడుగక ఊరకుండుట బానిస లక్షణము. అడిగి, ఇయ్యకున్న సంబంధము తెంచుకొనుట వర్తకుని లక్షణము.

నూట ముప్పది యొకటవ కీర్తన మిగుల చిన్నది. అందు కీర్తనకారుడు తన ప్రాణమును పాలు విడిచిన బిడ్డతో పోల్చెను. చంటిబిడ్డతో ఎందుకు పోల్చలేదు? చంటిబిడ్డకు తల్లి యనగా పాలే. తల్లి దగ్గరకు రాగానే పాలకై వెదకును, దొరకకున్న ఏడ్చును. మన తల్లులు పాలు మాన్పించుటకు వేపాకు నూరి రాయుట మన మెరుగుదుము. ఆ కొలదిదినములు ఇంటిలో ఎవ్వరికిని నిద్ర యుండదు. బిడ్డకు అది ద్రోహముగనే తోచును. నాలుగు దినములు గడచిన పిమ్మట అదే బిడ్డ అదే యొడిలోనికి మరల వచ్చును. ఈ మారు పాలకై కాదు, తల్లికై. ఏమియు అడుగక రొమ్ముపై తల యాన్చి పడుకొనును. పసిబిడ్డ విశ్వాసమున ఇది రెండవ మెట్టు. మొదటి మెట్టు లేక రెండవది రాదు. కాని మొదటిదానితో నిలిచిపోయిన విశ్వాసము, పాలు లేని నాడు తల్లియు లేదనుకొనును.

అట్లని ఏడువరాదని కాదు. బైబిలులోని నూట ఏబది కీర్తనలలో ఇంచుమించు మూడవవంతు మొరలే. ఎంతకాలము మరచియుందువు, ఏల దూరముగా నిలిచితివి యని దేవుని నిలదీయునవి. ప్రార్థనలో ఇట్టి చనువు దివిసీమకు తెలియనిది కాదు. పెదప్రోలు వాసియైన కాసుల పురుషోత్తమ కవి, కృష్ణా తీరమున శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రవిష్ణువును సంబోధించి ఆంధ్రనాయక శతకము చెప్పెను. అది నిందాస్తుతి, దెప్పుచు పొగడుట. పరాయివానిని ఎవ్వరును అట్లు దెప్పరు. అలుగుటకు హక్కున్నవాడే అలుగును. కీర్తనకారుని మొరలోను, పురుషోత్తమ కవి దెప్పులోను ఉన్నది ఇంటి బిడ్డ చనువే. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకొని, ఎందుకిట్లు చేసితివయ్యా యని గుండె బాదుకొనిన తల్లి ప్రార్థన మానలేదు. ఆమె చేసినదే ప్రార్థన.

ఈ విశ్వాసము సోమరితనమునకు సమర్థన కానేరదు. దేవాలయ శిఖరము నుండి దుముకుము, దేవదూతలు పట్టుకొందురని శోధకుడు చెప్పగా క్రీస్తు దుముకలేదు. నేడు బందరులో తుపాను రాడారు కలదు. తీరమున తుపాను షెల్టర్లు కలవు. హెచ్చరికలు సెల్‌ఫోనుల వరకు వచ్చుచున్నవి. హెచ్చరిక వినబడినపుడు ఇల్లు విడిచి షెల్టరునకు పోవుట అవిశ్వాసము కాదు. రోడ్డు దాటునపుడు తండ్రి చేయి చాచినచో ఆ వ్రేలు పట్టుకొనుట బిడ్డ విశ్వాసమే గదా!

మా డెల్టా క్రైస్తవ గృహములలో ఒక పాత ఆచారము కలదు. అన్నము వండుటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారాంతమున ఆ బియ్యమును గుడికి తెచ్చును. అది పాస్టరుగారికో బీదలకో ఉపయోగపడును. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి దోర్నకల్ మండలమున ఈ పిడికెడు బియ్యపు పద్ధతి ఎంతయో వ్యాపించినది. కూలి దొరకిన నాడే పొయ్యి వెలుగు ఇండ్లలో సైతము ఆ పిడికెడు తప్పలేదు. ఆనాటి కూడు మాకిమ్మని ప్రార్థించిన నోటితోనే, ఆ కూటిలో నుండి ఇంకొకరికి తీసి పెట్టుట ఇందలి విశేషము. మా అను మాటకు ఇది అర్థము. పరలోక ప్రార్థనలో నా అను మాట ఎక్కడను లేదు. ఒక బిడ్డ అడిగినపుడు ఇంటిలోని బిడ్డలందరి కొరకును అడిగినట్లే.

సాయంకాలము దివిసీమ పల్లెలలో దీపము పెట్టు వేళ, కుటుంబ ప్రార్థన జరుగు ఇండ్లలో చివరిమాట తరచుగా ఇంటిలోని చిన్నబిడ్డకు విడిచిపెట్టుదురు. బిడ్డ తన మేకపిల్ల కొరకును, తాతయ్య దగ్గు కొరకును, సముద్రము మీదికి పోయిన నాన్న కొరకును ప్రార్థించును. ఒకదాని తరువాత ఒకటి, ఏది ముఖ్యమో ఎరుగక. పెద్దవారు నవ్వు నాపుకొని ఆమేన్ అందురు. నాన్న రేపు వచ్చునో రాడో ఆ యింటి పెద్దలకు తెలియదు. తెలియకయే ఆమేన్ అందురు. ఆ ఆమేన్‌లో అడిగినది దొరకునను ధీమా కంటె, అడిగినవాని చేతిని వదలమను పట్టుదల మిక్కుటముగా నుండును. కృష్ణాతీరమున పసిబిడ్డ విశ్వాసమను దానిని మేము ఈ తీరుననే ఎరుగుదుము.